రంగు క్రింద తుప్పు

గోడల రంగును, పాత్రల మెరుగును, గడపల పసుపును జూచి ఇల్లాలి నేర్పు నెంచుట మనలో వాడుక. మేమును చిరకాలము అట్లే ఎంచుచుంటిమి. కడచిన వానకాలమున మా యింట జరిగిన యొక సంగతి ఆ యభిప్రాయమును మార్చివేసినది. తప్పు మాదే గనుక చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. కాని దాచినచో మరియొక యింట నట్టిదే జరుగవచ్చునని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యిల్లు హైదరాబాదు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగరులో నున్నది. ముప్పది యేండ్ల నాటి కట్టడము. మేడమీది వసారాకు పిట్టగోడకు బదులుగా ఇనుప కమ్ముల కటకటాలు కలవు. మొన్నటి వైశాఖములో మా చిన్నవాని పెండ్లి నిశ్చయమైనప్పుడు ఇంటికంతటికి రంగులు వేయించితిమి. రంగులువేయు నతడు పెద్దవాడు, పనితెలిసినవాడు. కమ్ముల మొదళ్ళను గోటితో గీకి చూచి, "అమ్మా, మొదట్ల తుప్పు పట్టింది. అంతా గీకి, ఎండనిచ్చి, ముందు ఎర్రమందు కొట్టాలె. మూడు దినాలు పడుతది" అనెను.

మేమేమంటిమో వినుడు. "చుట్టాలు ఎల్లుండే వస్తున్నారు. పైన పచ్చరంగు వేసేయి, చాలు." అతడు మరల నొక మాటు చెప్పి, మేము వినకపోగా, చెప్పినట్లే చేసి పోయెను. వచ్చిన చుట్టములందరు కటకటాలు క్రొత్తవిగా నున్నవని మెచ్చుకొనిరి. మేమును లోలోపల పొంగితిమి.

రంగు వేసి మూడు నెలలు నిండలేదు. ఆషాఢమాసపు బోనాల దినమున వీధిలో డప్పులు మ్రోగుచుండెను. మా మనుమరాలు, ఐదేండ్ల పిల్ల, పోతరాజును చూతమని వసారాలోనికి పరుగెత్తి కటకటాలమీద వాలెను. రెండు కమ్ములు ఒక్కసారిగా మొదళ్ళయొద్ద విరిగి వెలుపలికి తూలినవి. మా పెద్దకోడలు వెనుకనే యుండి పిల్ల గౌను పట్టి లాగకున్నచో ఏమి కావలసియుండెనో వ్రాయుటకు ఇప్పుడును చేయి రాకున్నది. పిల్ల మోచేయి కొంచెము దోగినది; కాలిచెప్పొకటి వీధిలో పడినది. అంతటితో పోయినది.

ఆ రాత్రి మేము నిదురపోలేదు. విరిగిన కమ్మిని తెచ్చి దీపము దగ్గర చూచితిమి. పైన పచ్చరంగు చెక్కుచెదరక పాముకుబుసమువలె నిలిచియున్నది. లోపల ఇనుము బదులు గోధుమరంగు పొడి. వ్రేలిలావు కమ్మి మధ్య మిగిలినది అగ్గిపుల్లయంత. తెల్లవారి మనుమరాలు అడిగినది: "నానమ్మా, రంగు మంచిగనే ఉన్నది గదా, మరి ఎట్ల విరిగింది?" దానికి మాయొద్ద జవాబు లేకపోయెను.

మా చెల్లెలి కుమారుడు ఎల్బీనగరు ప్రాంతమున నొక పరీక్షాశాలలో పనిచేయుచున్నాడు. లోహములు, వాటిపై పూతలు తుప్పునకు ఎంతమాత్ర మోర్చునో పరీక్షించుట అక్కడి పని. సంగతి విని వచ్చి, విరిగిన కమ్మిని కాగితములో చుట్టుకొని, "పెద్దమ్మా, నోటితో చెబితే తెలియదు, ఒకసారి వచ్చి చూడండి" అనెను. మరుసటి వారము మనుమరాలిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

దిల్‌సుఖ్‌నగరులో మెట్రో రైలు ఎక్కినచో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీనగరు. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన పేట యిది. 2018 సెప్టెంబరు నుండి రైలు ఇంతవరకు వచ్చుచున్నది. దారిలో అబ్బాయి చెప్పగా తెలిసినది: లోహవిద్యకు మన ఈ ప్రాంతము పెట్టినది పేరట. కాంచనబాగులోని రక్షణ లోహపరిశోధనాలయము 1963లో స్థాపితమైనది. దాని పొరుగున ప్రత్యేక లోహమిశ్రమములను తయారుచేయు మిధాని కర్మాగారము 1973లో వెలసినది. బాలాపురములోని ఏ.ఆర్.సి.ఐ. అను పరిశోధనాకేంద్రములో లోహములపై నూతనపు పూతలు వేయు విధానములను శోధించుచున్నారు. మిధాని యను పేరు బస్సుల పలకలమీద ఎన్నిమారులు చదివితిమో లెక్కలేదు. లోపల నేమి జరుగునో ఏనాడును అడిగినవారము కాము.

అబ్బాయి పనిచేయు చోటు మాత్రము అంత గొప్పది కాదు. సందులో నొక మేడపై మూడు గదులు. ఒక గదిలో శవపేటికయంత తెల్లని పెట్టె యున్నది. దాని మూత ఎత్తగానే ఉప్పుమంచు ముఖమునకు కొట్టినది. నూరు పాళ్ళ ద్రావణములో ఐదు పాళ్ళ ఉప్పుండునట్లు కలిపి, గాలితో సన్నని తుంపరగా జేసి, ముప్పదియైదు డిగ్రీల వెచ్చదనములో ఎడతెగక కురిపింతురట. సముద్రపు నీటిలో ఉప్పు నూటికి మూడున్నర పాళ్ళు గనుక ఇది దానికంటె ఘాటైనది. లోపల గరాటులుంచి పడు తేమను కొలుతురు: 80 చదరపు సెంటీమీటర్ల మేరలో గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్లు పడవలెను. హెచ్చినను తగ్గినను పరీక్ష చెల్లదు. ఈ విధానమునకు 1939లో అమెరికాలోని పదార్థ పరీక్షా సంఘమువారు కట్టడి యేర్పరచిరి. బి 117 అను ఆ కట్టడియే నేటికిని లోకమంతట నడచుచున్నది.

పెట్టెలో రంగురంగుల రేకులు కొంచెము వాల్చి నిలబెట్టియున్నవి. అబ్బాయి క్రొత్త రేకు నొకదానిని తీసినాడు. నీలిరంగు, అద్దమువలె నున్నది. చూచుచుండగనే ఉక్కుములుకుతో దానిమీద ఈ మూలనుండి ఆ మూలకు గుణకారపు గుర్తుగా లోతుగా గీచినాడు. మాకు ప్రాణము చివుక్కుమనెను.

"అయ్యో, అంత చక్కని రంగును పాడుచేస్తివేమిరా!" అంటిమి.

"దెబ్బ తగలని రంగును అందరూ మెచ్చుకుంటారు, పెద్దమ్మా. దెబ్బ దగ్గర అది ఏం చేస్తుందో చూడడమే మా పని" అనెను.

గీత ఇనుము తగులువరకు దిగవలెనట. తరువాత ఇన్నూరు గంటలో, ఐదువందల గంటలో, వేయి గంటలో పెట్టెలో నుంచి, బయటికి తీసి, గీతకు ఇరుప్రక్కల తుప్పు రంగు క్రిందుగా ఎన్ని మిల్లీమీటర్లు ప్రాకినదో కొలుతురు. మేలైన పనియైనచో తుప్పు గీతలోనే నిలిచిపోవును. సరిగా తోమని ఇనుముమీద రంగువేసినచో గీతకు రెండువైపుల బొబ్బలెక్కి, చీటీ అతికించి లాగినంతనే రంగంతయు ఊడివచ్చును. అట్టి రేకు నొకదానిని మాకు చూపినాడు. మా వసారా కమ్మికిని దానికిని భేదము కనబడలేదు.

తుప్పన నేమి? ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఈ మూడును కలిసిన చోట పుట్టునది. ఒకటి లోపించినను పుట్టదు. ఒకే ఇనుపముక్కలో ఒకచోటు కరగుచుండగా వేరొకచోట ప్రాణవాయువు దాని ఫలమును గ్రహించును. నడుమ సన్నని విద్యుత్తు పారును. ఉప్పు కలిసిన నీరు ఆ విద్యుత్తునకు రహదారి. అందుచేతనే విశాఖపట్టణములోని మా అక్కగారి యింటి కిటికీలు మనకంటె త్వరగా చెడుచున్నవి. పుట్టిన తుప్పు ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. రంగు ఉబ్బుటకును, స్లాబులోని చువ్వలు తుప్పుపట్టినప్పుడు సిమెంటు పెచ్చులూడుటకును కారణ మిదియే.

అబ్బాయి మూడు రేకులను వరుసగా పెట్టి మూడు విధముల కాపుదలను చూపినాడు. మొదటిది రంగువంటిది. నీటిని, గాలిని రానీయక అడ్డుగా నిలుచుట దాని పని. అడ్డు తొలగిన చోట అది చేయగలిగిన దేమియు లేదు. తగరపు పూతయు అడ్డే. ఇనుపరేకుపై తగరము పూసిన డబ్బాలలో గీత పడినచో లోని ఇనుము మరింత త్వరగా చెడును.

రెండవది యశదపు పూత. నీళ్ళగొట్టములకు, బకెట్లకు వేయునది యిదియే. జింకు అని వాడుక. దీనిపై గీతపడి ఇనుము బయటపడినను, చుట్టునున్న యశదము తానే కరగుచు ఇనుమును కాపాడును. పెట్టెలో ముందుగా తెల్లని బూజు కనబడును. అది యశదము కరగిన గుర్తు. అది యంతయు ఖర్చయిన పిదపనే ఎఱ్ఱతుప్పు. ఒక లోహమును కాపాడుటకు మరియొక దానిని బలిచేయు నీ యుపాయమును 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఓడల అడుగున నుండు రాగిరేకుల కొరకు కనిపెట్టెను. రాగి కరగుట మానినది గాని, కరగిన రాగి విషము లేకపోవుటచే గుల్లలు, నాచు ఓడకు దట్టముగా పట్టెనట. ఒక మేలు వెంట నొక చిక్కు!

మూడవది మన వంటింటి స్టీలు. 1913లో ఇంగ్లండునందలి షెఫీల్డులో హారీ బ్రేర్లీ యనునతడు ఉక్కులో క్రోమియము కలిపి దీనిని చేసెను. నూటికి పదిపాళ్ళకు పైగా క్రోమియ మున్నచో పైన కంటికి కానరాని పొర యొకటి యేర్పడును. గీతపడినను, గాలి తగిలినంతనే ఆ పొర మరల కట్టుకొనును. ఇది తన గాయమును తానే మాన్పుకొను లోహము. కాని దీనికిని శత్రువు కలదు: ఉప్పు. ఊరగాయను స్టీలుగిన్నెలో నెలల తరబడి నిలువయుంచినచో సూదిమొనలవంటి గుంటలు పడును. మన పెద్దలు జాడీని విడువకుండుట ఊరకే కాదు.

అక్కడ నిలుచుండగా మాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. నల్లగొండ జిల్లాలోని మా పుట్టినూరికి ఏటేట కళాయివాడు వచ్చెడివాడు. ఇత్తడిగిన్నెలను ఇసుకతో తోమి, కొలిమిమీద కాచి, నవాసారము చల్లి, తగరము రాచి, దూదితో తుడిచినంతనే లోపల వెండివలె మెరిసెడివి. మేము చేతులు తట్టెడివారము. నాయనమ్మ మాత్రము కూలి యంతయు ఇచ్చెడిది కాదు. పావలా నిలిపియుంచి, గిన్నెలో చింతపండు పులుసు పోసి రాత్రియంతయు ఉంచి, ఉదయమున అంచులను, అతుకులను చూచెడిది. ఎక్కడనైన పచ్చని చిలుము కనబడినచో, "నాయనా, ఇక్కడ పట్టలేదు, మళ్ళీ వెయ్యి" అని తిరిగి వేయించి, అప్పుడు పావలా ఇచ్చెడిది. గిన్నె నడుమనెన్నడును చూచెడిది కాదు. నడుమ ఎవడైనను చక్కగనే వేయును, అంచు చూడవలెననెడిది. చదువెరుగని ఆమె ఇంటిలో పరీక్షాశాల నడిపినది. చదువుకొన్న మేము పెండ్లివారి మెప్పునకై పచ్చరంగు పూయించితిమి.

"ఇంత పరీక్ష చేసినచో ఈ రంగు మా యింట ఎన్నేండ్లు నిలుచునో చెప్పగలవా?" యని అడిగితిమి. అబ్బాయి తల అడ్డముగా నూపెను. పెట్టెలో వేయి గంటలు బయట ఇన్ని యేండ్లని లెక్కకట్టరాదట. పెట్టెలో ఎండలేదు, ఒకనాడు తడిసి మరునాడు ఆరుట లేదు. పెట్టె యొక్క పని రెండు రంగులను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చుట, పనిలోని లోపమును త్వరగా పట్టియిచ్చుట. అసలు తీర్పు ఎండవానలది. అందుకే శాస్త్రజ్ఞులు రేకులను ఆరుబయట ఏండ్ల తరబడి పెట్టి చూతురు. తమిళదేశమునందలి కారైక్కుడిలో 1948లో పునాదివేసి 1953లో తెరచిన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయమువారు, రామేశ్వరమునకు పోవు దారిలోని మండపమున సముద్రపుటొడ్డున నిట్టి పరీక్షలు చేయుచున్నారు. ఆ గాలి యెట్టిదో అక్కడి పాంబను వంతెన యెరుగును. 1914లో తెరచిన ఆ రైలువంతెన ఉప్పుగాలితో నూరేండ్లకు మించి పోరాడి 2022 డిసెంబరులో మూతపడగా, 2025 ఏప్రిలులో దాని ప్రక్కనే క్రొత్తవంతెన తెరచిరి.

పిదప మా కమ్మి సంగతి వచ్చినది. అబ్బాయి దానిని నిలువుగా కోసి యుంచినాడు. సముద్రము లేని ఊరిలో ఇంత తుప్పెట్లు వచ్చెననగా, "ఇక్కడ పూలకుండీగాని, తులసికోటగాని ఉన్నదా?" యని అడిగెను. మేము నిశ్చేష్టులమైతిమి. ఆ రెండు కమ్ముల దగ్గరనే మా తులసికుండీ. ముప్పదియేండ్లుగా ప్రతి యుదయమున మేము పోసిన నీరు కమ్మి మొదటనున్న సిమెంటు పగులులో నిలిచినది. పైనున్న కమ్మి తడిసి ఆరుచుండెను; మొదలు ఎన్నడును ఆరలేదు. దానికితోడు ప్రక్కనే స్నానాలగది. అది కడుగుటకు మేము వాడు ఆమ్లపు ఆవిరి కిటికీలోనుండి నేరుగా కమ్ములకు తగులుచుండెను. ఆ ఆమ్లములోనిదియు ఉప్పుజాతి విషమే. ఇక తుప్పుమీద రంగువేసి లోపలి తేమను మూతవేసితిమి. పనివానిది తప్పులేదు, ఇనుముది తప్పులేదు.

ఇంటికి రాగానే ఆ పెద్దవానికి కబురంపితిమి. అతడు వచ్చి విరిగినదానిని చూచి, "చెప్తి గదమ్మా" అని మాత్రమనెను. "చెప్పినావు నాయనా, మేమే వినలేదు. ఈసారి నీవెన్ని దినాలంటే అన్ని దినాలు" అంటిమి. చెడిన కమ్ములను కోసి క్రొత్తవి అతికించిరి. మిగిలినవాటిని ఇనుము తెల్లగా కనబడువరకు గీకి, గుడ్డతో తుడిచి, తేమ లేని దినమున ఎర్రమందు వేసి, అది ఆరిన పిదప రెండు పూతలు రంగు వేసెను. అంచులకు, అతుకులకు ముందుగా కుంచెతో వేసి, ఆపైన తక్కినదంతయు వేయుట చూచి మాకు నాయనమ్మ మాట మరల వినబడినట్లాయెను. మొదళ్ళచుట్టు సిమెంటును నీరు జారునట్లు వాలుగా దిద్దెను. ఐదు దినములు పట్టినది.

ఒక హెచ్చరిక. పాతరంగు గీకునప్పుడు పిల్లలను, గర్భిణులను దూరముగా నుంచవలెను. 2017 నవంబరు 1 నుండి మన దేశమున ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నిబంధన అమలులోనున్నది గాని, అంతకుముందరి రంగులలో సీసము హెచ్చుగా నుండవచ్చును. కావున పొడిగా గీకి దుమ్ము రేపక, తడిపి గీకి, ఆ చెత్తను తడిగుడ్డతో ఎత్తివేయవలెను. తడిపిన ఇనుమును పూర్తిగా ఆరనిచ్చిన పిదపనే రంగుమాట.

మనుమరాలి ప్రశ్నకు జవాబు మూడు గాజుగ్లాసులతో చెప్పితిమి. ఒకదానిలో కాచి చల్లార్చిన నీరుపోసి మేకువేసి పైన నూనె తేలవేసితిమి, రెండవదానిలో కుళాయినీరు, మూడవదానిలో ఉప్పునీరు. నాలుగు దినములకు మొదటి మేకు మెరయుచునే యున్నది. తక్కిన రెంటిలో గోధుమరంగు మడ్డి దిగినది. పిల్ల మూడవ గ్లాసును చాలసేపు చూచి, "అయితే రంగు లోపల ఇది ఉండెనన్నమాట" అనెను. అవునంటిమి.

తులసిని ఎండతగులు మూలకు, ఎత్తైన పీటమీదికి మార్చితిమి. నీళ్ళు పోయుట మానలేదు. ఇకమీదట ప్రతి సంవత్సరము మృగశిరకార్తెకు ముందు కటకటాలు, కిటికీ ఊచలు, నీళ్ళతొట్టి నిచ్చెన, గేటు కీళ్ళు అన్నిటి మొదళ్ళను చిన్నసుత్తితో తట్టి చూడవలెనని నిశ్చయించుకొంటిమి. మంచి ఇనుము ఖంగుమనును. లోన తిన్నది బొదబొదమనును. ఈ యేడు కార్తె ఇంకను రాకమునుపే మనుమరాలు సుత్తి పుచ్చుకొని వసారాలో కూర్చున్నది. ఒక్కొక్క కమ్మిని తట్టి, చెవి దగ్గరపెట్టి విని, తలయూపి, తరువాతి దానియొద్దకు జరుగుచున్నది. రంగు బాగున్నదా యని దానినెవరైన అడిగినచో, "ఆగండి, ఇంకా కింద చూడలేదు" అనుచున్నది.